బోర్డు రాయించే ముందు

ప్రశ్న: మాది కోనసీమ జిల్లాలో రావులపాలెం దగ్గర ఊరు. నేనూ మా తోడికోడలూ రెండేళ్లుగా ఇంట్లోనే ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి చేసి అమ్ముతున్నాం. గోదావరి వరదకు భయపడి మా తాతమామగారు ఇల్లు ఎత్తుగా కట్టారు. వీధిలోకి పదకొండు మెట్లు. కొనడానికి వచ్చినవాళ్లు ఆ మెట్ల మీదే కూర్చుని రుచి చూసి వెళతారు. ఊళ్లో మమ్మల్ని మెట్లింటి వాళ్లంటారు. ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు నుంచి కూడా అడుగుతున్నారు కాబట్టి సీసాలకు లేబుళ్లు వేయించాలనుకుంటున్నాం. మూడు పేర్లు అనుకున్నాం: గోదావరి రుచులు, అన్నపూర్ణ స్వగృహ, ఆత్రేయపురం అమ్మమ్మ. సంఖ్యాశాస్త్రం చూసే ఆయన అన్నపూర్ణ ఇంగ్లీషు స్పెల్లింగులో ఇంకో 'ఎ' చేర్చమన్నారు. అలా చేర్చితే అది వేరే పేరే అయిపోతుందట. మా మరిది మాత్రం ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెడితే ఏ పేరైనా మనదైపోతుందంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఎస్. ఎల్., కోనసీమ జిల్లా

జవాబు: అమ్మా, మీరు అడిగిన మూడు పేర్లూ నాకు నచ్చలేదు. అడగకుండా రాసిన పేరు ఒకటి నచ్చింది. దాని సంగతి చివర చెబుతాను.

మా నాన్నగారికి తెనాలిలో చిన్న ప్రెస్సు ఉండేది. వక్కపొడి, అగరొత్తులు, పచ్చళ్ల లేబుళ్లు అచ్చు వేసేవారు. కొత్త పేరుతో ఎవరైనా వస్తే నాన్నగారు ముందు గోడకు అంటించిన పాత లేబుళ్ల వైపు చూపించేవారు. "ఇందులో మీ పేరు లేదు కదా, చూసుకోండి" అనేవారు. ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న ట్రేడ్‌మార్కు ఏజెంటు పని, అంటే సరుకు పేరును చట్టప్రకారం యజమాని సొంతంగా నమోదు చేయించే పని కూడా అదే. గోడ మాత్రం కాస్త పెద్దదయింది.

ముందు 'గోదావరి రుచులు'. గోదావరి మీ ఒక్కరిది కాదు. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వర్‌లో పుట్టి అంతర్వేది దాకా వచ్చే నదికి ఎంతమంది వారసులో ఆలోచించండి. రుచులు అన్న మాట తిండి అమ్మే ప్రతివాడికీ కావాలి. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం తొమ్మిదో సెక్షన్ చెప్పేది ఇదే: సరుకు ఏమిటో, ఎలాంటిదో, ఎక్కడిదో చెప్పే మాటను ఒక్కరికే కట్టబెట్టడం కష్టం. ఏళ్ల తరబడి వాడి, ఆ మాట వినగానే జనానికి మీరే గుర్తుకొచ్చే స్థితి ఉంటే వేరు. అంతదాకా పక్కవీధిలో ఇంకొకరు 'గోదావరి వారి రుచులు' అని బోర్డు పెడితే మీరు చేయగలిగింది తక్కువ.

'స్వగృహ' సంగతి మీకు నేను చెప్పాలా? ఏ ఊరి బస్టాండు దగ్గర చూసినా ఒక స్వగృహ ఫుడ్స్ ఉంటుంది. జంతికలూ సున్నుండలూ ఇంట్లో చేసినట్టుంటాయని చెప్పడానికి ఎవరో మొదలుపెట్టారు, తక్కినవాళ్లు అందుకున్నారు. ఇప్పుడు అది కిరాణా, మెడికల్ లాగా దుకాణం రకాన్ని చెప్పే మాట అయిపోయింది. ఇక అన్నపూర్ణ. ఆ పేరుతో గోధుమ పిండి, ఉప్పు దేశమంతా ఏళ్లుగా అమ్ముడవుతున్నాయి. మీ పొడులూ ఆ వంటింటి అరలోనే కూర్చునేవి. దేవత పేరు ఎవరి సొత్తూ కాదన్న వాదన మీకూ పనికి రావచ్చు. కానీ ఆ వాదన వినిపించడానికి కోర్టు దాకా వెళ్లేంత తీరిక, డబ్బు పచ్చడి జాడీల దగ్గర ఉంటాయా?

ఇంకో 'ఎ' చేర్చితే వేరే పేరు అవుతుందన్న మాట నమ్మకండి. పేరును చట్టం కంటితోనే కాదు, చెవితో కూడా చూస్తుంది. 1962లో సుప్రీంకోర్టు ముందుకు ఒక తగాదా వచ్చింది. కడుపునొప్పికీ తలనొప్పికీ వాడే 'అమృతధార' అన్న మందు 1903 నుంచి అమ్ముడవుతోంది. ఉత్తరప్రదేశ్‌లో ఇంకొకరు అలాంటి మందుకే 'లక్ష్మణధార' అని పేరు పెట్టారు. చదువుకున్నవాళ్లకు అమృతం వేరు, లక్ష్మణుడు వేరు. కానీ పల్లెటూరి మనిషి కొట్టు ముందు నిలబడి, సగం గుర్తున్న పేరు చెప్పి మందు అడిగితే పొరబడతాడని కోర్టు అంది. అమృతానికీ లక్ష్మణుడికీ ఉన్న తేడాయే చాలనప్పుడు, పలికితే వినపడని ఒక్క 'ఎ' మిమ్మల్ని కాపాడదు. సంఖ్య కలిసి రావాలంటే ఆ అక్షరం ఉంచుకోండి, నాకు అభ్యంతరం లేదు. దాన్ని రక్షణ అనుకోవద్దు, అంతే.

ఆత్రేయపురం పేరు జోలికి అసలు వెళ్లకండి. అక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు అక్కడ పూతరేకులు చేసేవారందరి ఉమ్మడి ఆస్తి. బందరు లడ్డు కూడా అంతే. మీరు నిజంగా ఆత్రేయపురంలో రేకులు తీసి చుడుతుంటే, ఆ పేరు వాడుకునే అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోవచ్చు. మీరు చేసేది మాగాయ, పైగా ఊరు కూడా అది కాదు. కొన్నవాళ్లను తప్పుదారి పట్టించినట్టవుతుంది.

మీ మరిదిగారి మాట. కంపెనీ రిజిస్ట్రార్ దగ్గర పేరు ఖరారైందంటే అచ్చం అలాంటి పేరుతో ఇంకో కంపెనీ లేదని ముఖ్యంగా అర్థం. సీసా మీది పేరు మీదే అని కాదు. ఎవరైనా ట్రేడ్‌మార్కు యజమాని మూడేళ్లలోపు అభ్యంతరం చెబితే, పేరు మార్చమని మీ కంపెనీనే ఆదేశించవచ్చు. కంపెనీల చట్టం పదహారో సెక్షన్‌లో ఆ ఏర్పాటు ఉంది. పైగా ఏటా ఆడిట్, రిటర్నులు. ఇద్దరు తోడికోడళ్లు వారానికి నలభై సీసాలు అమ్మే దశలో ఆ బరువు అనవసరం. జీఎస్టీ కాగితంలో వ్యాపారం పేరుకు ఒక గడి, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే పద్నాలుగు అంకెల నంబరు కాగితం మీద ఒక పేరు, చిన్న పరిశ్రమగా నమోదైనట్టు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ మీద ఒక పేరు ఉంటాయి. వీటిలో ఏదీ పేరు మీద హక్కు ఇవ్వదు. చాలామంది ఈ కాగితాలన్నీ ఫైలులో పెట్టుకుని "పేరు రిజిస్టర్ చేయించాను" అంటారు. గానుగ నూనె అమ్మే ఒకాయన అలాగే అనుకుని పది వేల లేబుళ్లు అచ్చు వేయించారు. నోటీసు అందాక నా దగ్గరికి వచ్చారు. పేరు మార్చక తప్పలేదు. ఆ తరవాత వాళ్లింటికి వెళ్లినప్పుడు చూశాను, లేబుళ్ల వెనక వైపు వాళ్లబ్బాయి ఎక్కాలు రాసుకుంటున్నాడు.

మరి పేరు మీ సొంతం కావాలంటే ట్రేడ్‌మార్కు దరఖాస్తు పెట్టాలి. అంతకు ముందు రిజిస్ట్రీ వెబ్‌సైటులో పేరు వెతకాలి. రాత ప్రకారమే కాక, ఉచ్చారణ ప్రకారం వెతికే వీలు కూడా అక్కడ ఉంది. సరుకులూ సేవలూ కలిపి 45 తరగతులుగా విభజించారు. పచ్చళ్లు 29లోకి, కారప్పొడులూ మసాలాలూ మిఠాయిలూ 30లోకి వస్తాయి. మీకు రెండూ కావాలి. ఆన్‌లైన్‌లో పెడితే ఒక్కో తరగతికి రుసుము వ్యక్తులకూ చిన్న సంస్థలకూ 4,500 రూపాయలు, తక్కినవారికి 9,000. భాగస్వామ్య సంస్థగా పెట్టేటట్టయితే ముందు ఉద్యమ్ నమోదు చేసుకోండి, అది ఉచితం. ఆ కాగితం లేకపోతే రెండు తరగతులకు తొమ్మిది వేలతో పోయేది పద్దెనిమిది వేలవుతుంది. మన రెండు రాష్ట్రాలకూ రిజిస్ట్రీ కార్యాలయం చెన్నైలో ఉంది, వెళ్లనక్కరలేదు. పరిశీలకుడు ఏదైనా అభ్యంతరం పంపితే నెలలోపు జవాబివ్వాలి. చాలా దరఖాస్తులు ఇక్కడే చనిపోతాయి, ఈమెయిలు చూడక. అది దాటితే పేరు జర్నల్‌లో అచ్చవుతుంది. నాలుగు నెలల్లో ఎవరూ వ్యతిరేకించకపోతే నమోదు చేస్తారు. పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

డబ్బు కన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఆ పేరు ఎవరి పేరు మీద పెడతారు? మీ పేరా, తోడికోడలి పేరా? ఇద్దరూ ఇప్పుడు ఒకే పొయ్యి దగ్గర ఉన్నారు, సంతోషం. రేపు పిల్లల చదువుల కోసం ఒకరు రాజమండ్రి వెళ్లిపోతే పేరు ఎవరితో వెళుతుంది? భాగస్వామ్య పత్రంలో ఈ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల అన్నదమ్ములు 'అసలు', 'సిసలైన', 'మొదటి' అని ఎదురెదురుగా బోర్డులు పెట్టుకోవడం చూశాను. పేరు సంస్థదని, విడిపోతే ఎవరికి, ఎంతకు అని రాసుకోండి. మీ అత్తగారి ముందు రాసుకుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు నాకు నచ్చిన పేరు. 'మెట్లిల్లు.' మీ ఉత్తరంలో పేర్ల జాబితా కన్నా ముందే, మీకు తెలియకుండానే ఉంది. పచ్చడికీ మెట్లకూ సంబంధం లేదు, అదే దాని బలం. పచ్చడి అమ్మే ఇంకొకరికి ఆ మాటతో అవసరం ఉండదు. పైగా అది ఎవరో కూర్చుని కల్పించింది కాదు, మీ ఊరు పెట్టింది. అచ్చులో పేరు ముందే బయటపడితే ఎవరైనా తన్నుకుపోతారు కాబట్టి నెల కిందటే మీకు ఫోను చేశాను. మీరు వెతికి, దరఖాస్తు పెట్టి, నంబరు వచ్చిందని చెప్పాకే ఈ జవాబు పత్రికకు ఇస్తున్నాను. మీ మరిది "రెండేళ్లుగా వాడుతున్నాం అని రాద్దామా" అని అడిగారు. వద్దన్నాను. అలా రాస్తే వాడకానికి రుజువులతో అఫిడవిట్ ఇవ్వాలి, ఊరి జనం నోటి మాటకు బిల్లు ఉండదు. ఇకపై వాడబోతున్నాం అనే రాశారు, అది నిజం. మొదటి బిల్లు పుస్తకం మాత్రం పారేయకండి. ఎందుకో కింది ఉత్తరం చెబుతుంది.

ప్రశ్న: 2016 నుంచి మా ఊళ్లో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. మా అమ్మాయి పేరే పెట్టుకున్నాను. ఇప్పుడు వేరే జిల్లాలోని ఒక హోటల్ వారు, అదే పేరు తమకు 2021లో రిజిస్టరైందని, వారం రోజుల్లో బోర్డు తీసేయాలని లాయరు నోటీసు పంపారు. తీసేయాలా?
— పేరు వద్దన్న పాఠకుడు, విజయనగరం

జవాబు: తొందరపడి నిచ్చెన ఎక్కకండి. నోటీసును చెత్తబుట్టలో వేయడం కూడా పొరపాటే, జవాబివ్వాలి. జవాబులో ప్రాణం ఒక్క తేదీలో ఉంటుంది. ట్రేడ్‌మార్కుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం, వాళ్లు వాడకం మొదలుపెట్టిన రోజు, వాళ్ల నమోదు తేదీ, ఈ రెండింటిలో ఏది ముందో దానికన్నా ముందునుంచీ మీరు విడవకుండా వాడుతుంటే మిమ్మల్ని ఆపలేరు. 2021 కన్నా ముందే ఉన్నాను కదా అని ఊరుకోకండి. వాళ్లు 2010 నుంచే హోటల్ నడుపుతూ 2021లో కాగితం తీసుకుని ఉండవచ్చు. రిజిస్ట్రీ వెబ్‌సైటులో వాళ్ల దరఖాస్తు తీసి, ఎప్పటినుంచి వాడుతున్నామని రాశారో చూడండి.

ఆ తరవాత మీ ఇల్లంతా వెతకండి. మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, ఆహార లైసెన్సు మొదటి ఏడాది కాగితం, దుకాణం పేరున్న పాత బిల్లులు, బోర్డు రాసిన పెయింటరు ఇచ్చిన రసీదు, ప్రారంభం నాటి ఫోటో. ఒక కేసులో మాకు దక్కిన మంచి రుజువు దుకాణం ముందు తీసిన పెళ్లి ఊరేగింపు ఫోటో. వెనక బోర్డు, ముందు బ్యాండుమేళం, మూలన తేదీ.

మీ అమ్మాయి పేరు మీరు రాయలేదు కానీ, నందిని అనుకుందాం. ఆ పేరు మీదే పెద్ద తగాదా నడిచింది. కర్ణాటక పాల సమాఖ్య 1985 నుంచి నందిని పాలు అమ్ముతోంది. బెంగళూరులో ఆంధ్ర భోజనం పెట్టే హోటళ్లు 1989 నుంచి ఆ పేరునే ఇంగ్లీషులో ఒక 'హెచ్' అదనంగా రాసి వాడుతున్నాయి. 2018లో సుప్రీంకోర్టు హోటల్ వైపు తీర్పు చెప్పింది. నందిని అన్నది దేవత పేరు, కామధేనువు సంతతి పేరు. పాల సమాఖ్య కల్పించిన మాట కాదు. గుర్తుల తీరు వేరు, సరుకులు వేరు అంది. ఇది చదివి పై ఉత్తరం రాసిన అమ్మ, మరి నా 'ఎ' సంగతేమిటని అడుగుతారేమో. అక్కడ గెలిపించింది 'హెచ్' కాదు, దశాబ్దాల నిజాయితీ వాడకం, వేరే వ్యాపారం. మీ విషయంలో ఇద్దరిదీ తిండి వ్యాపారమే కాబట్టి ఈ తీర్పు కన్నా తేదీనే ఎక్కువ నమ్ముకోండి.

ప్రశ్న: మా బావమరిదీ నేనూ భాగస్వామ్యంతో పెళ్లి మండపాల అలంకరణ మొదలుపెట్టాం. 'రాయల్ డెకరేటర్స్' అన్న పేరుతో ఫర్మ్ నమోదుకు వెళితే ఆ పేరు కుదరదన్నారు. మా వీధిలోనే రాయల్ టైలర్స్, రాయల్ చికెన్ సెంటర్ ఉన్నాయి. మాకే ఎందుకు కుదరదు?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కుదరదన్నది నిజమే. అది తెల్లదొరల కాలపు చట్టం. 1932 నాటి భాగస్వామ్య చట్టం 58వ సెక్షన్, ఫర్మ్ పేరులో క్రౌన్, ఎంపరర్, ఎంప్రెస్, ఎంపైర్, ఇంపీరియల్, కింగ్, క్వీన్, రాయల్ అన్న మాటలు రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఉండకూడదంటుంది. దొరలు వెళ్లారు, మాటలు ఉండిపోయాయి. మీ వీధి టైలరుగారు, చికెన్ సెంటరాయన బహుశా ఒంటరి యజమానులు. వాళ్లకు ఫర్మ్ నమోదు ఉండదు కాబట్టి ఆ సెక్షన్ వాళ్ల గడప తొక్కదు.

నమోదు ఎలాగూ తప్పనిసరి కాదు కదా అని మానేయకండి. నమోదు కాని ఫర్మ్, డబ్బు ఎగ్గొట్టిన పెళ్లివారి మీద ఒప్పందాన్ని పట్టుకుని దావా వేయలేదు. మీ వ్యాపారంలో పెళ్లయ్యాక రావలసిన బాకీ ఎంతుంటుందో మీకే తెలుసు. పేరు మార్చుకుని వెళ్లండి. 'మహారాజా' అన్న మాట ఆ జాబితాలో లేదు.