అమ్మ మీద పుస్తకం వేస్తున్న బిడ్డకు

బిడ్డా,

అమ్మ సంవత్సరీకానికి చిన్న పుస్తకం అచ్చు వేయిస్తున్నావని మీ తమ్ముడు చెప్పాడు. సంతోషంగానే ఉంది, టెన్షన్ కూడా ఉంది. ఫొటోలు మంచివి ఏరుకో. పుట్టినరోజు ఆధార్ కార్డు చూసి వేయకు, మా కాలం వాళ్లకు సగం మందికి జనవరి ఒకటే రాసిపెట్టారు. ప్రూఫులు ఇంకొకరితో చదివించు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం వేరు. మీ అమ్మమ్మ పోయినప్పుడు మీ మేనమామ కూడా ఇట్లాగే ఒక పుస్తకం వేయించాడు. ఎవరో పంతులుగారితో రాయించాడు. సహనంలో భూదేవి అట, అన్నపూర్ణ అట, భర్త మాట జవదాటలేదట! తాత తాగొచ్చిన రాత్రులు తలుపు గొళ్లెం పెట్టి ఆయన్ను అరుగు మీదే పడుకోబెట్టిన మనిషి ఆమె. పేరొక్కటి మారిస్తే ఆ పుస్తకం ఏ ఇంటి ముసలమ్మకైనా సరిపోతుంది. అందులోనూ సగం పేజీలు తాత గురించే. ఆమె పుట్టిన ఊరు లేదు, పెళ్లికి ముందు ఇంట్లో ఏమని పిలిచేవారో లేదు. 1948లో పోలీసు యాక్షన్ నాటికి ఆమెకు పదహారేళ్లు. రజాకార్లు వస్తున్నారంటే ఆడపిల్లలను జొన్నచేలలో దాచేవారని ఎప్పుడో ఒకసారి అనేది. ఎవరి చేను? తోడు ఎవరున్నారు? తిండి ఎవరు తెచ్చారు? పుస్తకం వేసేనాటికి ఆమె చెల్లెలు బతికే ఉంది, జ్ఞాపకం కూడా బాగుంది. మామ పోయి అడగలేదు. తర్వాత ఆ చెల్లెలూ పోయింది. ఆ పుస్తకాల కట్ట మా అటక మీద అట్లాగే ఉంది.

మీ అమ్మను ఇంకో అన్నపూర్ణను చేశావంటే నేను ఊరుకోను. అసలు దానికి వంటంటే ఇష్టమే లేదు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వస్తే కొత్తవాడలో మీ బాపుకు శాలువా కప్పారు. ఆ జంపఖానాల నేతకు నూలు కండెలు చుట్టింది ఎవరు? నువ్వు కడుపులో ఉన్నప్పుడు కూడా రాట్నం ముందు నుంచి లేవలేదు. చేనేత సంఘంలో పేరు మీ బాపుది, కూలీ మీ బాపు చేతికి. రోజుకు ఎన్ని కండెలు చుట్టేదో ఆయన్నే అడుగు. ముందు కసురుకుంటాడు, తర్వాత చెప్తాడు.

బతుకమ్మ నాడు తంగేడు, గునుగు పేర్చేటప్పుడు ఎవరిది ఎత్తని నాతో పోట్లాడి, పద్మాక్షి గుట్ట దాకా మాట్లాడకుండా నడిచేది. అదీ రాయి. నా మీద గెలిచిందనే రాయి, ఏం ఫర్వాలేదు.

అమ్మ పాత ఫోన్‌లో వాయిస్ మెసేజులు ఉంటాయి, అవి వెంటనే వేరే చోట దాచు. ఆమెతో కలిసి కండెలు చుట్టిన ఎదురింటి అవ్వకు ఎనభై దాటాయి. ఫొటోల పని తర్వాత, ఈ ఆదివారమే రా, ఇద్దరం పోయి కూర్చుందాం.

ఇంకొకటి. నీ ఇంటర్ ఫీజు సంఘం బోనస్ డబ్బని చెప్పింది కదా? కాదు. మీ బాపుకు తెలియకుండా వేసిన చిట్టీ ఎత్తి కట్టింది. రాస్తావో మానుకుంటావో నీ ఇష్టం. రాస్తే మాత్రం అచ్చుకు ఇవ్వకముందే ఆయనకు నీ నోటితో చెప్పు, పుస్తకంలో చదివి తెలుసుకునే పరిస్థితి తేకు.

మీ పెద్దమ్మ