హేవ్‌లాక్‌లో డైవింగ్ చేస్తూ విశ్రాంత జీవితం: కోటిన్నర సరిపోతుందా?

ప్రశ్న: నాకు 56 ఏళ్లు, నా భార్యకు 53. విశాఖపట్నంలో 28 ఏళ్లుగా ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. అమ్మాయికి పెళ్లయి బెంగళూరులో ఉంటోంది. పీఎఫ్ 64 లక్షలు, పీపీఎఫ్ 22, మ్యూచువల్ ఫండ్లు 46, ఎఫ్‌డీలు 13, రావలసిన గ్రాట్యుటీ 10. మొత్తం కోటీ 55 లక్షలు. అప్పులు లేవు. పీఎఫ్‌తో కలిపి నెలకు 75 వేలు పొదుపు చేస్తున్నాం. సొంత ఫ్లాటు ఉంది, అద్దెకిస్తే 22 వేలు వస్తుంది. సెలవు దొరికినప్పుడల్లా అండమాన్ వెళ్లి స్కూబా డైవింగ్ చేస్తుంటాను, అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ కూడా ఉంది. ఈ డిసెంబరులో రాజీనామా చేసి అక్కడి హేవ్‌లాక్ దీవిలో (ఇప్పటి స్వరాజ్ ద్వీప్) స్థిరపడదామనుకుంటున్నాను. ఫ్లాటు అమ్మి అక్కడ స్థలం కొనవచ్చా? తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ ఒకరు తన డైవ్ సెంటర్లో 25 లక్షలు పెట్టి భాగస్వామిగా చేరమంటున్నారు. చేరవచ్చా? నాకు బీపీ ఉంది, మాత్ర వాడుతున్నాను. నా భార్య డైవింగ్ చేయదు. అక్కడి ఖర్చుల పట్టిక జతచేస్తున్నాను.

జవాబు: వెళ్లండి. అయితే ఈ డిసెంబరులో కాదు, మీకు 58 నిండాక. ఫ్లాటు అమ్మకండి. డైవ్ సెంటర్లో ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

మీరు పంపిన ఖర్చుల పట్టికనే తీసుకుందాం. హేవ్‌లాక్‌లో ఇంటి అద్దె 20 వేలు. సరుకులు, కూరగాయలకు 22 వేలు రాశారు. చాలా వస్తువులు ఓడలో రావాలి కాబట్టి అది ఎక్కువేమీ కాదు. కరెంటు, నీళ్లు, గ్యాస్, ఇంటర్నెట్ 7 వేలు, స్కూటరు, ఫెర్రీ 5 వేలు, మందులు, ఆరోగ్య బీమా 9 వేలు. నెలకు 63 వేలు, అంటే ఏడాదికి 7.56 లక్షలు. సీజన్ ఎనిమిది నెలల్లో నెలకు ఆరు రోజులు, రోజుకు రెండు డైవ్‌లు. ప్యాకేజీ ధర రోజుకు 5 వేలు వేసుకుంటే 2.4 లక్షలు. సామగ్రికి, డైవింగ్ బీమాకు 50 వేలు, ఇద్దరూ ఇంటికి వచ్చిపోవడానికి 80 వేలు. మొత్తం 11.26 లక్షలు. ఫ్లాటు అద్దెలో మెయింటెనెన్సు, పన్ను, ఖాళీగా ఉండే నెలలు పోగా 2 లక్షలు చేతికొస్తాయి. మిగతా 9.26 లక్షలు మీ నిధి నుంచే తీయాలి.

కోటీ 55 లక్షల్లో అది దాదాపు 6 శాతం. పన్ను పోగా 7 శాతం రాబడి, 6 శాతం ధరల పెరుగుదల అనుకుంటే ఈ డబ్బు 18 ఏళ్లలో అయిపోతుంది. అప్పటికి మీకు 74, మీ శ్రీమతి గారికి 71. తొలి రెండేళ్లలో మార్కెట్ పడితే ఇంకా ముందే అయిపోతుంది, ఎందుకంటే పడిన ధరకే యూనిట్లు అమ్మి ఖర్చులకు వాడుకోవాల్సి వస్తుంది.

మీ పట్టికలో అసలు చిక్కు వేరే ఉంది. డైవింగ్ ఖర్చునూ బియ్యం ఖర్చునూ ఒకే వరుసలో కలిపేశారు. బియ్యం బతికున్నంత కాలం కొనాలి. డైవింగ్ అలా కాదు. ఆరోగ్యం సహకరిస్తే పదేళ్లు, మహా అయితే పన్నెండేళ్లు. పదేళ్ల ఖర్చును జీవితాంతపు ఖర్చుగా లెక్కేస్తే ఈ కోరిక ఎప్పటికీ అందనట్టే కనిపిస్తుంది. లెక్కే వేయకుండా నిధిలోంచి తీస్తూ పోతే ముసలితనంలో తిండికి ఉండాల్సిన డబ్బును డైవింగ్ తినేస్తుంది. అందుకే డైవింగ్, సామగ్రి, రాకపోకలు మూడింటికీ కలిపి ఏడాదికి 3.7 లక్షల చొప్పున పదేళ్ల డబ్బును విడిగా ఒక ఖాతాలో పెట్టండి. నేటి ధరల్లో 37 లక్షలు. రెండేళ్ల తర్వాతి ధరల్లో 42 లక్షలు. ఆ ఖాతా ఖాళీ అయిన రోజున డైవింగ్ ఆగుతుంది. ఇంటి ఖర్చు మాత్రం ఆగదు.

మరో రెండేళ్లు పనిచేస్తే ఏమవుతుందో చూడండి. 7 శాతం పెరుగుదల, మీ నెలవారీ పొదుపు కలిపి నిధి కోటీ 97 లక్షలకు చేరుతుంది. డైవింగ్ ఖాతాకు 42 లక్షలు, వైద్య అత్యవసరాలకు 15 లక్షలు పక్కన పెడితే కోటీ 40 లక్షలు మిగులుతాయి. ఇంటి ఖర్చులో అద్దె ఆదాయం పోగా మీరు తీయాల్సింది అప్పటి ధరల్లో 6.25 లక్షలు. 58 నిండితే ఈపీఎస్ (పీఎఫ్‌తోపాటు ఉండే ఉద్యోగుల పింఛను పథకం) పింఛను కోత లేకుండా మొదలవుతుంది. మీ సర్వీసుకు నెలకు నాలుగున్నర వేల దాకా రావచ్చు. అది పోను తీసేది 5.7 లక్షలు, అంటే నిధిలో 4 శాతం. అవే అంచనాలతో ఇది దాదాపు 28 ఏళ్లు నడుస్తుంది. ఫ్లాటు అప్పటికీ మీ చేతిలోనే ఉంటుంది. డైవింగ్ మానేసి విశాఖ తిరిగొస్తే వచ్చే అద్దె ఆగిపోతుంది, కట్టే అద్దె కూడా ఆగిపోతుంది. రెండూ ఇంచుమించు సమానమే కాబట్టి లెక్క పెద్దగా మారదు.

డైవింగ్ ఖాతాలో మొదటి మూడేళ్ల డబ్బు ఎఫ్‌డీల్లో, తర్వాతి మూడేళ్లది స్వల్పకాలిక డెట్ ఫండ్లలో, మిగతాది హైబ్రిడ్ ఫండులో ఉంచండి. ఏటా సెప్టెంబరులో, సీజన్ మొదలయ్యే ముందు, ఒక ఏడాది మొత్తాన్ని సేవింగ్స్ ఖాతాలోకి మార్చుకోండి. 48 రోజులు కాకుండా 30 రోజులు డైవ్ చేస్తే ఏటా 90 వేలు మిగులుతాయి. ఖాతా అంతమేరకు ఎక్కువ కాలం వస్తుంది. ప్రధాన నిధిలోంచి 30 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేయండి. 60 నిండకపోయినా, 55 దాటి రిటైరైనవారు ప్రయోజనాలు అందిన మూడు నెలల్లోపు ఇందులో చేరవచ్చు. ఆ గడువు దాటితే 60 దాకా ఆగాల్సిందే. ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకోసారి 61,500 వస్తుంది.

సామగ్రి విషయంలో ఒక మాట. మాస్కు, ఫిన్స్, వెట్‌సూట్, డైవ్ కంప్యూటర్ సొంతంగా ఉండాలి, ఎందుకంటే ఒంటికి సరిపోవడం, ప్రాణం నిలవడం వాటిమీదే ఆధారపడి ఉంటాయి. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది), బీసీడీ (నీటిలో తేలడాన్ని అదుపు చేసే జాకెట్) కొనే తొందరేమీ లేదు. ప్యాకేజీ ధరలో అవి ఎలాగూ కలిసే ఉంటాయి. సొంతవి తెచ్చుకుంటే ఎంత తగ్గిస్తారో అడిగి, సర్వీసు ఖర్చుతో పోల్చి చూశాకే కొనండి. ప్రతి డైవ్ తర్వాత మంచినీళ్లలో నానబెట్టకపోతే ఉప్పు పేరుకుని వాల్వులు పట్టేస్తాయి. వాడకుండా ఉంచినా ఆ తేమకు రబ్బరు భాగాలు పాడవుతాయి.

ఇక వైద్యం. అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదే. 45 దాటి బీపీ ఉన్నవారికి డైవింగ్ ఆరోగ్య పత్రంపై డాక్టరు సంతకం తప్పనిసరి. రాజీనామా పత్రం రాయకముందే కార్డియాలజిస్టు దగ్గర ఈసీజీ, ఎకో, టీఎంటీ, ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకుని, వాడుతున్న మాత్ర పేరు చెప్పి అడగండి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ రకం అయితే శ్రమను తట్టుకునే శక్తి తగ్గుతుంది. అదుపులో లేని బీపీ ఉన్నవారికి నీటిలో ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఎక్కువ. డాక్టరు వద్దంటే ఈ పథకం అక్కడితో ఆగాలి. ఆ మాట ఉద్యోగం వదిలాక కాదు, ఉద్యోగంలో ఉండగానే వినాలి.

కంపెనీ గ్రూపు బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. సొంత ఫ్యామిలీ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, బీపీ సంగతి దాచకండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా 36 నెలలు. ఉద్యోగంలో ఉండగానే అందులో రెండేళ్లు గడిచిపోతాయి. పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపు నిబంధన ఒకటి ఉంటుంది. ప్రామాణిక పదాల ప్రకారం అది వృత్తిగా స్కూబా చేసేవారికి వర్తిస్తుంది. సరదాగా చేసేవారికి కాదు. మీరు డైవ్ మాస్టరుగా డబ్బు తీసుకున్నా, సెంటర్లో భాగస్వామిగా అతిథులను నీళ్లలోకి తీసుకెళ్లినా క్లెయిమ్ తిరస్కరించడానికి దారి దొరుకుతుంది. వ్యక్తిగత ప్రమాద బీమాల్లో మినహాయింపు ఇంకా విస్తృతంగా ఉండవచ్చు, పత్రం చదవండి. రక్తంలో నైట్రోజన్ బుడగలు ఏర్పడే డీకంప్రెషన్ జబ్బుకు ప్రెషర్ చాంబర్లో చికిత్స కావాలి. దానికీ, తరలింపు ఖర్చుకూ డైవింగ్ ప్రమాద బీమా విడిగా తీసుకోండి.

హేవ్‌లాక్‌లో ఉన్నది చిన్న ఆరోగ్య కేంద్రమే. పెద్ద ఆసుపత్రి కావాలంటే సముద్రం దాటి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) వెళ్లాలి, అక్కడా కాకపోతే చెన్నై. క్యాష్‌లెస్ సౌకర్యం ఉన్న ఆసుపత్రులు దీవుల్లో తక్కువ. ముందు మీరు కట్టి తర్వాత రాబట్టుకోవాల్సి రావచ్చు. 15 లక్షల నిల్వ అందుకే. మరోటి: వరుస డైవ్‌ల తర్వాత 18 గంటలు గడవందే విమానం ఎక్కకూడదు. ఇంటికి బయలుదేరే ప్రతిసారీ ఒక రాత్రి బస ఖర్చు కలుపుకోండి.

స్థలం సంగతి. ఆ దీవుల్లో భూమికి ప్రత్యేక రెవెన్యూ నిబంధనలు ఉన్నాయి, తీరం దగ్గర నిర్మాణాలకు ఆంక్షలు ఉన్నాయి. 2004 సునామీ చూసిన ప్రాంతం అది, దేశంలో భూకంప ముప్పు అత్యధికంగా ఉన్నవాటిలో ఒకటి. పదేళ్లు ఉండే చోట జీవితపు ఆస్తి పెట్టడం తగదు. పదకొండు నెలల అద్దె ఒప్పందం చాలు.

డైవ్ సెంటర్ భాగస్వామ్యం ఇంకా ప్రమాదకరం. సంపాదన సీజన్‌లోనే. జీతాలు, పడవ ఇంజిన్లు, కంప్రెసర్, సిలిండర్ పరీక్షల ఖర్చు ఏడాది పొడవునా. 2010లో, 2016లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లబడ్డాయి. 2020లో కొవిడ్ వల్ల పర్యాటకమే ఆగిపోయింది. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ అప్పులకు, అతిథికి ప్రమాదం జరిగితే కట్టాల్సిన పరిహారానికి మీ సొంత ఆస్తి కూడా బాధ్యత వహిస్తుంది. పెట్టేది 25 లక్షలైనా పోయేది అంతకు ఎన్నో రెట్లు కావచ్చు. ఆ ఇన్‌స్ట్రక్టర్ మంచివారే అయినా నా జవాబు మారదు.

ఈ రెండేళ్లలో ఒక జూన్ నెలంతా ఇద్దరూ హేవ్‌లాక్‌లో ఉండి చూడండి. మీరు ఇప్పటిదాకా చూసింది సీజన్ మాత్రమే. వానాకాలంలో సముద్రం పోటు మీదుంటే ఫెర్రీలు రద్దవుతాయి, డైవింగ్ ఉండదు. మీ శ్రీమతి గారికి ఆ నెల ఎలా గడిచిందో అడగండి. అక్కడి కుటుంబాలు ఎక్కువగా బెంగాలీలు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువారు చాలామంది ఉన్నారు, ఆసుపత్రి ఉంది, చిడియా టాపు వైపు డైవింగ్ కూడా ఉంది. ఆమె అక్కడైతే ఉంటానంటే ఇల్లు అక్కడే తీసుకుని, డైవింగ్ వారాల్లో మీరు హేవ్‌లాక్ వెళ్లిరండి. ఖర్చు పట్టికలో మారేది ఫెర్రీ టికెట్లు, కొన్ని రాత్రుల గది అద్దె మాత్రమే. ఆ మార్పుతో పట్టికను మళ్లీ వేసి పంపితే 42 లక్షల ఖాతా సరిపోతుందో లేదో చూసి చెబుతాను.