స్టీరింగ్ ర్యాక్ మార్చే ముందు వేలితో తాకి చూడండి

వాహన సందేహాలు - జవాబులు

ప్రశ్న: అయ్యా, మాది పదకొండేళ్ల నాటి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉంది. ఇంతవరకు 92,000 కిలోమీటర్లు తిరిగింది. నాలుగు నెలలుగా స్టీరింగ్‌లో ప్లే (చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరగడం) బాగా పెరిగి, హైవే మీద బండి తిన్నగా పోవాలంటే చేతులు అటూ ఇటూ ఆడిస్తూనే ఉండవలసి వస్తోంది. గుంతలో దిగితే ఎడమవైపు ముందు నుంచి టకటకమని చప్పుడు వస్తోంది. రెండుసార్లు అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించినా గుణం కనిపించలేదు. ఇప్పుడు మెకానిక్ ర్యాక్ మొత్తం మార్చాలంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ర్యాక్ అరగదని అనను గాని, మీరు రాసిన లక్షణాలను బట్టి అనుమానించవలసిన వాటిలో దానిది చివరి వరుస. స్టీరింగ్ తిప్పిన కదలిక కాలమ్ (స్టీరింగ్ కింది కడ్డీ) నుంచి దాని కింది యూనివర్సల్ జాయింట్ అనే కీలుకు, అక్కడి నుంచి ఆ తిప్పుడును పక్కకు జరిగే కదలికగా మార్చే పళ్ల కడ్డీ ర్యాక్‌కు, దాని చివరి కీలైన ర్యాక్ ఎండ్‌కు, చక్రం పక్కనున్న కీలైన టై రాడ్ ఎండ్‌కు చేరి, చివరికి చక్రాన్ని మోసే నకిల్‌ను తిప్పుతుంది. వీటిలో ఏ కీలు దగ్గర ఆ కదలిక పోతోందో తేల్చుకోకుండా విడిభాగాలు మార్చడమంటే చీకట్లో రాయి వేయడమే. కీలు వదులైన బండికి అలైన్‌మెంట్ చేస్తే యంత్రం మీద ఉన్నంతసేపు అంకెలు సరిగ్గానే కనిపిస్తాయి, రోడ్డెక్కిన తరువాత నిలవవు. మీ డబ్బు రెండుసార్లు పోయింది అలాగే.

మొదట ప్లే ఎంతుందో కొలవండి. చక్రాలు తిన్నగా ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేయండి. ఇంజిన్ ఆపి చూస్తే కాలమ్‌లోని టార్షన్ బార్ అనే సన్నని కడ్డీ మెలితిరగడం కూడా ప్లేలాగే అనిపించి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. స్టీరింగ్ అంచు పక్కన స్కేలు పట్టుకొని, ముందు టైరు కదలబోయే వరకు రెండు వైపులా మెల్లగా తిప్పితే అంచు ఎన్ని మిల్లీమీటర్లు ఊరికే తిరుగుతోందో తెలుస్తుంది. కార్ల సర్వీసు పుస్తకాలు చాలావరకు 30 మిల్లీమీటర్ల లోపు ఉండాలంటాయి. కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989లోని 98వ నిబంధన మాత్రం 30 డిగ్రీల వరకు ఒప్పుకుంటుంది. అంకె ఒకటేనని పొరబడకండి: 37 సెంటీమీటర్ల వ్యాసమున్న స్టీరింగ్‌కు 30 డిగ్రీలంటే అంచు దగ్గర దాదాపు 97 మిల్లీమీటర్లు. అంత ప్లే ఉన్న కారును నేనైతే హైవే ఎక్కించను. అదే నిబంధన స్టీరింగ్ బాల్ జాయింట్లకు (గుండు కీళ్లకు) రబ్బరు తొడుగులు ఉండి తీరాలని కూడా చెబుతుంది గనుక, చిరిగిన తొడుగును చిన్న విషయంగా తీసిపారేయకూడదు. అందులోంచి గ్రీసు పోయి, దుమ్మూ నీరూ చేరిన కీలు ఎంతో కాలం నిలవదు.

అసలు పరీక్షకు ఇద్దరు కావాలి. చక్రాలు నేల మీదే ఉండాలి. ఒకరు లోపల కూర్చొని స్టీరింగ్‌ను కొద్దిపాటి మేర గబగబా అటూ ఇటూ ఆడిస్తుంటే, మీరు ఎడమ ముందు చక్రం వెనుక నుంచి చెయ్యి పెట్టి, వేళ్లు సగం టై రాడ్ ఎండ్ మీద, సగం నకిల్ మీద ఆనేలా పట్టుకోండి. మంచి కీలైతే రెండూ ఒక్క ముక్కలా కదులుతాయి. అరిగిన కీలులో ఒకటి కదిలిన క్షణం తరువాత రెండవది కదులుతుంది, ఆ మధ్యలో సన్నని 'టక్' వేలికి తగులుతుంది. కంటికి దొరకని ఆ తేడా వేలికి తప్పక దొరుకుతుంది. తరువాత ర్యాక్ చివర ముడతల రబ్బరు తొడుగును నొక్కిపట్టి, లోపలి ర్యాక్ ఎండ్‌ను అలాగే పరీక్షించండి. ర్యాక్ పెట్టె మొత్తం పక్కకు జరుగుతోందంటే పోయింది దాన్ని బిగించిన రబ్బరు బుష్‌లే గాని ర్యాక్ కాదు. పెడళ్ల దగ్గర యూనివర్సల్ జాయింట్‌ను కూడా చూడండి. రేడియేటర్ ఫ్యాను ఎప్పుడైనా దానంతటదే తిరగవచ్చు, చెయ్యి అటు పోనివ్వకండి.

చప్పుడు సంగతి తేలాలంటే ఇంజిన్ ఆపి బండి ఎత్తాలి. వెనుక చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీతో ఎత్తి, స్టాండు మీద ఆనించిన తరువాతే చెయ్యి లోపల పెట్టండి. ఈ తరహా కార్లలో ముందు చక్రాలకు సాధారణంగా మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు స్తంభం) ఉంటుంది గనుక, చక్రాన్ని కింది నుంచి పట్టే లోయర్ ఆర్మ్ కింద కాకుండా బాడీ జాకీ పాయింటు దగ్గర ఎత్తితే చక్రం వేలాడి, ఆ ఆర్మ్ చివరి బాల్ జాయింట్ మీది ఒత్తిడి తగ్గుతుంది. టైరును కుడి ఎడమలుగా పట్టి ఊపితే లూజు కనిపించిందా, టై రాడ్ ఎండ్‌ను లేదా ర్యాక్ ఎండ్‌ను అనుమానించాలి. పైనా కిందా పట్టి ఊపినప్పుడు కనిపిస్తే అది బాల్ జాయింట్ కావచ్చు, వీల్ బేరింగ్ కావచ్చు. లోపలి మనిషిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే లూజు మాయమైతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్. ఇవేవీ కాకుండా చప్పుడు మాత్రమే ఉంటే స్టెబిలైజర్ (మలుపుల్లో బండి ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) లింక్ రాడ్ చూడండి. అది చప్పుడు చేస్తుంది, స్టీరింగ్‌కు ప్లే తేదు.

టై రాడ్ ఎండ్ మార్చవలసి వస్తే, విప్పే ముందు అది ఎన్ని చుట్లకు ఊడుతుందో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించమనండి. స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా దూర్చే పిన్ను) రంధ్రం కుదరలేదని నట్టు వదులు చేయనివ్వకండి, తరువాతి గాడి వచ్చేదాకా బిగించవలసిందే. అలైన్‌మెంట్ ఆ తరువాత చేయించండి. పరీక్షలో బాల్ జాయింట్ పైకీ కిందికీ ఆడుతున్నట్లు తేలితే మాత్రం బండిని మెకానిక్ దగ్గరికి నడుపుకుంటూ వెళ్లకండి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

ప్రశ్న: 80 కిలోమీటర్ల వేగం దాటగానే స్టీరింగ్ వణుకుతోంది. ఇదీ ప్లేనేనా?
- ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: కాకపోవచ్చునమ్మా. ఒకే వేగం దగ్గర వణికితే మొదట చక్రాల బ్యాలెన్సింగ్ చేయించండి. టైరుకు ఎక్కడైనా ఉబ్బు వచ్చిందేమో, రిమ్ము వంగిందేమో అప్పుడే చూడమనండి. బ్రేకు తొక్కినప్పుడే వణుకుతుంటే బ్రేకు డిస్కులు చూపించాలి. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా వణుకు పోకపోతే, పై జవాబులోని వేలి పరీక్ష మీ బండికీ అవసరం.