దాత మనవడు దావా వేయవచ్చా?

ప్రశ్న: మా తాతగారు ఊళ్లోని బాటసారుల సత్రానికి రెండెకరాల వరి పొలం రాసిచ్చారు. ఇప్పుడు ధర్మకర్తలు సత్రం ముందు దుకాణాలు కట్టి అద్దెకిచ్చారు. వెనుక కల్యాణ మండపం కూడా కడతారట. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ మీద ఎలాన్ మస్క్ వేసినట్టు నేనూ దావా వేయవచ్చా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కొత్తపేట

జవాబు: మాస్టారూ, మస్క్‌తో పోటీ వద్దు. లాయర్ల ఫీజు ఆయనకు లెక్కలోకి రాదు, మీకు వచ్చేది పింఛను.

ఓపెన్‌ఏఐ 2015 డిసెంబరులో లాభాపేక్ష లేని సంస్థగా మొదలైంది. స్థాపకుల్లో ఒకరైన మస్క్ కోట్ల డాలర్లు విరాళమిచ్చి, 2018లో బోర్డు నుంచి తప్పుకున్నారు. మరుసటి ఏడాది ఆ సంస్థ కిందే లాభాలు పంచే కంపెనీ పుట్టింది, మైక్రోసాఫ్ట్ 100 కోట్ల డాలర్లు పెట్టింది. మానవాళి మేలు కోసమని విరాళాలు తీసుకుని వ్యాపారంలోకి దిగారని 2024లో మస్క్ కోర్టుకెక్కారు. కంప్యూటర్ల ఖర్చుకు విరాళాలు చాలవనీ, పోటీ కంపెనీ పెట్టుకున్న మస్క్‌కు అసూయ అనీ అవతలివారు బదులిచ్చారు. ఓపెన్‌ఏఐ లాభాల కంపెనీగా మారడాన్ని వెంటనే ఆపమన్న మస్క్ కోరికను 2025 మార్చిలో జడ్జి తోసిపుచ్చారు, విచారణ మాత్రం త్వరగా జరుపుతానన్నారు.

పత్రికలకు మస్క్, ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్‌ల తగవే కనిపించింది. నా కళ్లు అమెరికాలోని డెలావేర్, కాలిఫోర్నియా రాష్ట్రాల ప్రధాన న్యాయాధికారులైన అటార్నీ జనరళ్ల మీద ఉన్నాయి. 2025 అక్టోబరులో ఓపెన్‌ఏఐ కొత్త ఏర్పాటు వారితో బేరసారాల తరువాతే కుదిరింది. కంపెనీలో సుమారు 26 శాతం వాటా, దానిపై అదుపు లాభాపేక్ష లేని ఫౌండేషన్‌కు దక్కాయి. ధర్మానికి రాసిచ్చిన ఆస్తి గురించి ప్రజల తరఫున నిలదీయవలసింది అక్కడ వారే.

మన దగ్గర కూడా దాత మనవడినంటే కోర్టు చాలదంటుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 ప్రకారం ప్రజా ధర్మసంస్థ విషయంలో రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది అయిన అడ్వకేట్ జనరల్ గానీ, ఆ సంస్థతో సంబంధమున్న కనీసం ఇద్దరు కోర్టు అనుమతితో గానీ దావా వేయాలి. అయితే ముందు సత్రం దేవాదాయ శాఖ జాబితాలో ఉందేమో చూడండి. ఉంటే మీ దారి అసిస్టెంట్ కమిషనర్ కార్యాలయానికి.

ఇక దుకాణాలంటారా, అవి కట్టడమే నేరమనుకోకండి. కాకినాడలో మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ బడులు నడిచింది ఆయన వదిలివెళ్లిన ఆస్తుల రాబడితోనే. మీరు అడగవలసింది ఆ అద్దె, పొలం కౌలు ఎవరి చేతికి పోతున్నాయని. ‘బాటసారులే లేరు, అందరూ రావులపాలెంలో బస్సెక్కి పోతున్నారు’ అని ధర్మకర్తలు అంటారు, అందులో నిజముంది కూడా. కానీ ఆశయానికి కాలం చెల్లితే దానికి దగ్గరగా ఉండే మరో ధర్మకార్యం నిర్ణయించేది కోర్టు. పెళ్లిళ్ల అద్దె మీద కన్నేసిన ధర్మకర్తకు ఆ అధికారం ఎవరిచ్చారు?

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దస్తావేజు నకలు తీయించండి. అందులో ‘భోజనం, వసతి’ అని ఉందా, ఊరికే ‘సత్రం నిమిత్తం’ అని ఉందా చూసి నాకు రాయండి. ఈలోగా మూడేళ్ల జమాఖర్చులు చూపమని ధర్మకర్తలకు రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపి, రసీదు జాగ్రత్తగా ఉంచుకోండి.