హక్కుల క్లబ్బులో తిరుగుతోంది, లా సీటు వస్తుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా బిడ్డ హైదరాబాద్‌లో ఒక ఇంటర్నేషనల్ స్కూల్ హాస్టల్లో ఉండి ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) పదకొండో తరగతి చదువుతోంది. హ్యూమన్ రైట్స్ క్లబ్బు, మోడల్ యూఎన్ అని ఎప్పుడూ బిజీ. లా చదువుతానంటోంది. మార్కులు పోతాయేమోనని నాకు టెన్షన్. హక్కులంటూ తిరిగితే కేసులు మీద పడతాయని మా తమ్ముడు భయపెడుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు గిన్నెలు కడగమంటే ‘మానవ హక్కుల ప్రకటన ఆర్టికల్ 24, విశ్రాంతి హక్కు’ అంటోంది. ఇవన్నీ మాన్పించమంటారా?

జవాబు: మాన్పించొద్దండి. అసలు పూర్తిగా మాన్పించడం కుదరదు కూడా. ఐబీలో సీఏఎస్ అని ఒకటి ఉంటుంది. కళలు, ఆటలు, సేవ కలిపి దాదాపు 18 నెలలు చేయాలి. డిప్లొమాకుండే 45 పాయింట్లలో దీనికి ఒక్క పాయింటూ రాదు. కానీ ఇది పూర్తి కాకపోతే డిప్లొమాయే ఇవ్వరు. క్లబ్బు పనిని ఇందులో చూపించుకోవచ్చు.

మోడల్ యూఎన్ సంగతి వేరు. ఐక్యరాజ్యసమితి సభలా జరిపే ఆ చర్చల్లో కోటు వేసుకుని ఏదో దేశం తరఫున మాట్లాడితే సభాభయం పోతుంది, మంచిదే. అయితే రెండు మూడు చాలు. నెలకొకటి చొప్పున ఫీజులు కడుతూ పోతే ఫైలు లావెక్కుతుంది, అంతే.

లా సీటు మాటకొస్తే, శామీర్‌పేటలోని నల్సార్ లాంటి జాతీయ లా యూనివర్సిటీల్లో సీటు తేల్చేది క్లాట్ అనే ప్రవేశ పరీక్షలో వచ్చే ర్యాంకు. 120 ప్రశ్నలు, 2 గంటలు, తప్పు రాస్తే పావు మార్కు కోత. క్లబ్బుకు అక్కడ సున్నా. ఈ మాట మీ అమ్మాయికి కూడా చెప్పండి. అమెరికా వెళ్లే ఆలోచన ఉంటే లెక్క మారుతుంది. అక్కడ చాలా కాలేజీలు తీసుకునే కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తులో చదువు బయటి పనులు పది వరకు రాయొచ్చు. ఒక్కో పని వివరానికి 150 అక్షరాలే ఇస్తారు. ‘సభ్యురాలిని, పాల్గొన్నాను’ అని పదిసార్లు రాయడం కంటే, లోతుగా చేసిన పని ఒక్కటి ఉంటే చాలా నయం.

ఆ ఒక్కటి ఏదని నన్నడిగితే, నీళ్లు అంటాను. సురక్షితమైన తాగునీరు మానవ హక్కని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2010 జులైలో తీర్మానించింది. మీ జిల్లాలోనే మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాలు ఫ్లోరైడ్‌తో ఎంత నలిగాయో మీకు నేను చెప్పాలా? పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పిలుస్తుంది. స్కూల్లో ఎక్కడో ఆఫ్రికా నీళ్ల మీద స్లైడ్లు చేసే పిల్ల, దసరా సెలవుల్లో ఈ పక్కకు ఒకసారి రావచ్చు కదా.

పెద్ద సర్వే ఏమీ వద్దు. ఒక ఊరు, పది ఇళ్లు చాలు. ప్రభుత్వ మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు వస్తున్నాయా? వస్తే తాగుతున్నారా, లేక డబ్బా నీళ్లు కొంటున్నారా? కొంటే ఎందుకు? బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా? తేదీ, చోటు, ఎవరు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే నోటుబుక్కులో రాసుకోవాలి. నీటి పరీక్షల రిపోర్టు కోసం పంచాయతీలో ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టొచ్చు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక్క షరతు: ఫ్లోరైడ్ వల్ల వంకరపోయిన కాళ్ల ఫొటోలు తీసుకెళ్లి స్కూలు తెర మీద వేయొద్దు. మనుషులందరూ గౌరవంలో సమానమని 1948 నాటి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన మొదటి ఆర్టికల్‌లోనే ఉంది. క్లబ్బు పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

మీ తమ్ముడి భయం నాకు అర్థమవుతుంది. మన వైపు హక్కుల సంఘం అనగానే ఎన్‌కౌంటర్ల కాలమే గుర్తొస్తుంది. కానీ స్కూలు పిల్ల నీళ్ల గురించి అడిగితే కేసులు పెట్టరు. స్కూలు నుంచి ఒక లెటర్ తెచ్చుకుని, ముందు సర్పంచ్‌కు చెప్పి, పెద్దవాళ్లు ఒకరు తోడుగా వెళ్తే సరిపోతుంది. ఎవరినైనా పేరు పెట్టి నిందిస్తూ సోషల్ మీడియాలో రాయడం మాత్రం వద్దు.

బతుకుదెరువు మాట కూడా మాట్లాడుకోవాలి. హక్కుల పని చేసే లాయర్‌కు మొదటి ఏళ్లలో ఆదాయం తక్కువే, అందులో దాపరికం లేదు. అయితే ఈ పనికి దారి లా ఒక్కటే కాదు. బాలకార్మికులను బడికి పంపే పనికి 2003లో మెగసెసె అవార్డు అందుకున్న శాంతా సిన్హా గారు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం ప్రొఫెసర్‌గా పనిచేశారు. పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసిన బాలగోపాల్ గారు కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పి, తర్వాత లాయరయ్యారు. కాబట్టి లా సీటు రాకపోతే అంతా అయిపోయినట్టు కాదు. డిగ్రీ చదివేటప్పుడు, అర్హత చూసుకుని జాతీయ మానవ హక్కుల కమిషన్ ఇంటర్న్‌షిప్‌లకు అప్లై చేసుకోవచ్చు.

గిన్నెల సంగతికి జవాబు అదే ప్రకటనలో ఉంది. ఆర్టికల్ 29 చదవమనండి, సమాజం పట్ల బాధ్యతలుంటాయని రాసి ఉంది. ఇల్లు అందులోకి వస్తుందో రాదో వాదించుకోండి. లాయర్ కావాలనుకునే పిల్లకు ప్రాక్టీసు అవుతుంది.

ఇక మీరు చేయాల్సిన పని. ఈ నెలలోనే స్కూల్లో ఐబీ కోఆర్డినేటర్‌ను కలిసి రెండు విషయాలు మాట్లాడండి. ఒకటి, ఐబీలో 4,000 పదాల వరకు రాసే ఎక్స్‌టెండెడ్ ఎస్సే ఉంటుంది. సీఏఎస్‌లో చూపించిన పనినే దానికీ వాడనివ్వరు. నీళ్ల పని దేనికి వాడుకోవాలో మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. రెండు, క్లాట్ మామూలుగా డిసెంబర్‌లో ఉంటుంది. మే నెలలో రాసే ఐబీ పరీక్షల ఫలితాలు జులై మొదటి వారంలో గానీ రావు. ఈలోగా కాలేజీలు మార్కులు అడిగితే స్కూలు ఏ కాగితం ఇస్తుందో ఇప్పుడే అడిగి రాసుకోండి.