పింగ్ పలుకుతోంది, పేరు దొరకడం లేదు

ప్రశ్న: అన్నా, నమస్తే. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కంప్యూటర్లు చూసుకుంటాను. రెండు సర్వర్ల (హోస్ట్‌ల) మీద ఈఎస్‌ఎక్స్‌ఐ (ఒకే సర్వర్‌లో చాలా కంప్యూటర్లు నడిపే సాఫ్ట్‌వేర్), పైన రెండిటినీ ఒకే చోట నుంచి చూసుకునే వీసెంటర్. ట్యాలీ, కాంటా సాఫ్ట్‌వేర్, డొమైన్ కంట్రోలర్ (లాగిన్లు, లోపలి పేర్లు చూసుకునే సర్వర్) అన్నీ వర్చువల్ మెషీన్లే (సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లే). అన్నిటికీ ఒకే జాబ్‌లో రాత్రి 11 గంటలకు బ్యాకప్. నెల రోజులుగా వారంలో రెండు మూడు రాత్రులు హోస్ట్ పేరు రిజాల్వ్ కాలేదని, అంటే ఆ పేరుకు ఐపీ అడ్రస్ దొరకలేదని, ఆగిపోతోంది. పొద్దున చూస్తే ఐపీకి పింగ్ పలుకుతుంది, మళ్లీ నడిపితే నడుస్తుంది. బ్యాకప్ సర్వర్‌లో మొదటి డీఎన్‌ఎస్ (పేరుకు ఐపీ చెప్పే సర్వర్) మా డొమైన్ కంట్రోలర్, రెండోది 8.8.8.8. కేబుల్ మార్చమంటున్నారు. మార్చాలా?
– మిర్యాలగూడ పాఠకుడు

జవాబు: తమ్ముడూ, కేబుల్ జోలికి పోకు. ఐపీకి పింగ్ పలికిందంటే దారి బాగానే ఉంది. తేడా పేరు అడిగే చోట వస్తోంది.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ముందు 443 పోర్టు మీద వీసెంటర్ దగ్గరికి పోయి, ఫలానా మెషీన్ ఏ హోస్ట్ మీద ఉందని అడుగుతుంది. ఆ హోస్ట్‌ను నువ్వు ఏ పేరుతో చేర్చావో వీసెంటర్ ఆ పేరే చెబుతుంది. తహశీల్ ఆఫీసులో ‘ఫలానా సార్‌ను కలువు’ అని పంపినట్టన్నమాట. ఆ సార్ ఏ గదిలో ఉంటాడో నువ్వే కనుక్కోవాలి. పేరుకు ఐపీ దొరికితేనే 902 పోర్టు మీద డేటా కదులుతుంది. అందుకే వీసెంటర్‌ను ఐపీతో జత చేసిన చోట కూడా ఈ ఎర్రర్ వస్తుంది.

నీ ఉత్తరంలో నా కన్ను 8.8.8.8 మీద ఆగింది. రెండో డీఎన్‌ఎస్‌ను చాలామంది స్టెప్నీ టైరు అనుకుంటారు. మొదటిది కాస్త ఆలస్యం చేస్తే విండోస్ రెండోదాన్ని అడుగుతుంది. అది గూగుల్ వాళ్లది, మీ మిల్లు లోపలి పేర్లు దానికి తెలియవు. ‘అలాంటి పేరే లేదు’ అంటుంది. విండోస్ దాన్నే జవాబుగా తీసుకుంటుంది. మరి రాత్రిపూటే ఎందుకు? బ్యాకప్ కోసం స్నాప్‌షాట్ (మెషీన్ ఆ క్షణంలో ఉన్న స్థితి) తీసేటప్పుడు, తొలగించేటప్పుడు డొమైన్ కంట్రోలర్ కొద్దిసేపు బిగుసుకుపోతుంది. సరిగ్గా అప్పుడే పేరు అడుగుతున్నట్టుందని నా అనుమానం. లాగ్‌లో ఆ స్నాప్‌షాట్ సమయాలనూ ఎర్రర్ సమయాన్నీ పక్కపక్కన పెట్టి చూడు, తేలిపోతుంది.

బ్యాకప్ సర్వర్‌లో 8.8.8.8 తీసెయ్. బయటి పేర్ల కోసం దాన్ని డొమైన్ కంట్రోలర్‌లో ఫార్వర్డర్‌గా (తనకు తెలియని పేర్లను పంపి అడిగే చోటుగా) పెట్టుకోవచ్చు. తర్వాత ఎన్‌ఎస్‌లుకప్ (డీఎన్‌ఎస్‌ను పేరు అడిగే కమాండ్) కొట్టు, నీ ల్యాప్‌టాప్‌లో కాదు, బ్యాకప్ సర్వర్‌లోనే. వీసెంటర్‌లో కనిపించే పేరు అక్షరం పొల్లు పోకుండా కొట్టాలి. బ్యాకప్ డేటాను మోసే ప్రాక్సీ మెషీన్ వేరే ఉంటే అక్కడా చూడు.

ఇంతటితో వదలొద్దు. మహబూబ్‌నగర్‌లో ఒక ఆసుపత్రి సర్వర్ డిస్కులు పోయిన రాత్రి నేను అక్కడ ఉన్నాను. బ్యాకప్ ఫైళ్లు భద్రంగా ఉన్నాయి, రెండో హోస్ట్ ప్రాణంతో ఉంది. కానీ పేర్లు చెప్పే డీఎన్‌ఎస్ పోయిన డిస్కుల మీదే ఉంది. రీస్టోర్ మొదలుపెడితే అదే ఎర్రర్. బయట రోగుల బంధువులు బిల్లుల కోసం నిలబడి ఉన్నారు. బ్యాకప్ సర్వర్‌లోని హోస్ట్స్ ఫైల్‌లో (డీఎన్‌ఎస్ లేకున్నా విండోస్ పేర్లు చూసుకునే ఫైల్) ఒక్క వరుస, ఐపీ, దాని పక్కన పేరు, రాశాకే పని కదిలింది. ఆ వరుస నువ్వు ఇవాళే రాసి పెట్టుకో.

ఆ ఫైల్ విండోస్ ఫోల్డర్ లోపల సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీలో ఉంటుంది. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరువు. సేవ్ చేసేటప్పుడు పేరు చివర టీఎక్స్‌టీ తగులుకోకుండా చూసుకో. ఎన్‌ఎస్‌లుకప్ ఈ ఫైల్‌ను చూడదు కాబట్టి పేరుతో పింగ్ కొట్టి పరీక్షించు. హోస్ట్ ఐపీ ఎప్పుడు మార్చినా ఈ వరుస కూడా మార్చాలి.

యాసంగి వడ్ల లారీలు మిల్లు ముందు లైను కట్టకముందే, ఒక ఆదివారం డొమైన్ కంట్రోలర్‌ను ఆపి, కాంటా మెషీన్‌ను వేరే పేరుతో, నెట్‌వర్క్ తగిలించకుండా రీస్టోర్ చేసి చూడు. ఏమైందో నాకు రాయి.