ఆ గది తాళం వాళ్లకే ఇవ్వు

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషం వేసింది, రెండోసారి కాస్త టెన్షన్ పట్టుకుంది. యువజన బృందం బాధ్యత తీసుకున్నానన్నావు, వారానికి మూడు సాయంత్రాలు, 13 నుంచి 19 ఏళ్ల పిల్లలు, 20 మందికి పైనే. చాలా మంచి పని. కానీ దాంతోపాటు 12 వారాల పట్టిక ఒకటి పంపావు చూడు, సోమవారం వ్యక్తిత్వ వికాసం, బుధవారం నాయకత్వ లక్షణాలు, శుక్రవారం లక్ష్యసాధన అని, అది చూశాకే ఈ ఉత్తరం పొడుగవుతుందని అర్థమైంది. ఆ పట్టికలో వాళ్లు ఊరికే కూర్చునే టైం ఒక్కచోట కూడా లేదు. అన్ని గంటలూ నువ్వే మాట్లాడుతున్నావు. 30 ఏళ్లు ఈ పనిలో ఉన్నవాడిగా చెప్తున్నా, నాలుగో వారానికి ఆరుగురు మిగులుతారు, వాళ్లలోనూ ఇద్దరు నీ మీద జాలితో వస్తారు.

పిల్లల ఎదుగుదలకి మనవల్ల ఏమవుతుందన్నా అని అడిగావు. ముందు ఇది చూడు. బడికి వెళ్లకపోతే హాజరు పోతుంది, ఇంటికి ఆలస్యమైతే అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. నీ దగ్గరికి రాకపోతే వాళ్లకి పోయేదేమీ లేదు. మార్కులు తగ్గవు, జీతం కోత పడదు. టీచర్ల పనికీ తల్లిదండ్రుల పనికీ మన పనికీ ఉన్న తేడా అదే, ఎప్పుడనిపిస్తే అప్పుడు లేచి వెళ్లిపోగలిగిన వాళ్లతో మనం పని చేస్తాం. కొత్తలో నాకిది పెద్ద తలనొప్పి అనిపించేది. హాజరు తప్పనిసరి చేద్దామని కూడా చూశాను, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నా. చాలా ఆలస్యంగా అర్థమైంది ఏంటంటే, ఎవరూ పంపకుండా తమంతట తామే వచ్చారు కాబట్టే ఆ సాయంత్రం వాళ్లకి సొంతం, మన చేతిలో ఉన్న బలమంతా అదొక్కటే.

అసలు ఈ పని మొదలైందే అలా. 1844లో లండన్‌లో వైఎంసీఏ అనే యువకుల క్రైస్తవ సంఘం మొదలుపెట్టిన జార్జ్ విలియమ్స్ తలపండిన పెద్దమనిషేం కాదు, బట్టల కొట్లో పనిచేసే 22 ఏళ్ల కుర్రాడు. తనలాగే పొద్దస్తమానం కొట్లో నిలబడి, సాయంత్రం ఎక్కడికి పోవాలో తెలియని తోటివాళ్లతో కలిసి ప్రార్థనకీ చదువుకీ ఒక చోటు ఏర్పాటు చేసుకున్నాడు. 1907లో బేడెన్ పవెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన శిబిరం, స్కౌటింగ్‌కి అదే తొలి అడుగు, అక్కడికి సుమారు 20 మంది అబ్బాయిలు వస్తే వాళ్లని చిన్న దళాలుగా విడదీసి ఒక్కో దళానికి వాళ్లలోనే ఒకడిని నాయకుడిగా పెట్టాడు. ఆయన సైన్యంలోంచి వచ్చినవాడు, ఆ వాసన నాకు అంతగా పడదు, కానీ ఆ ఒక్క ఉపాయం మాత్రం వందేళ్లు దాటినా పాతబడలేదు. మనం పదిసార్లు చెప్పినా తలకెక్కనిది తనకన్నా ఏడాది పెద్దదైన పిల్ల ఒక్కసారి చెప్తే ఎక్కుతుంది.

నా దగ్గర 16 ఏళ్ల అమ్మాయి ఒకతి ఉండేది, రోజూ ఆలస్యంగానే వచ్చేది, వచ్చినా గోడకి ఆనుకుని నిలబడేది. ఒకరోజు ఏమనుకున్నానో ఏమో, గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, 'ఇకనుంచి నువ్వే తీయాలి' అన్నాను. తోటి కార్యకర్తలు నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు. మూడు వారాలు అందరికన్నా ముందు వచ్చింది. నాలుగో వారం తాళంచెవి ఇంట్లో మర్చిపోయింది. పిల్లలందరూ మెట్ల మీద, నేను వాళ్ల మధ్యలో, నా జేబులో ఇంకో తాళంచెవి. అది తీయకుండా కూర్చోవడం ఉంది చూశావూ, నా ఉద్యోగం మొత్తంలో అంత కష్టమైన అరగంట ఇంకోటి లేదు. ఆమె ఇంటికి పరుగెత్తి వెళ్లి, చెమటలు కారుతూ తిరిగొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా తలుపు తీసింది. ఎవరో వెనక నుంచి చప్పట్లు కొట్టారు, అందరూ నవ్వేశారు, చివరికి ఆమె కూడా నవ్వింది. మర్నాటికి ఆ తాళంచెవికి ఎర్రతాడు కట్టి ఉంది. ఆ తర్వాతి వారం గోడ మీద ఒక కాగితం, ఏ రోజు ఎవరు తెరవాలి, ఎవరు ఊడవాలి, తాళంచెవి ఉన్నవాళ్లకి జ్వరం వస్తే ఇంకెవరికి చెప్పాలి, అన్నీ ఆమె చేతిరాతతోనే. బాధ్యత గురించి నేను ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఆ కాగితం వచ్చేది కాదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా. చేరిన మూడో ఏడు పిల్లలు ఒక నాటిక రాసుకున్నారు. భాష ముతకగా ఉంది, ముగింపు అతకలేదు. పెద్దలు చూడ్డానికొస్తున్నారు కదా అని రాత్రికి రాత్రి కూర్చుని మొత్తం తిరగరాశాను. నాటిక బ్రహ్మాండంగా వచ్చింది, వచ్చినవాళ్లు నా వీపు తట్టారు. రాసిన కుర్రాడు ఆ తర్వాత మళ్లీ రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే 'పనుంది సార్' అన్నాడు, అంతే. రోజర్ హార్ట్ అనే ఆయన 1992లో యూనిసెఫ్ కోసం పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా రాశాడు. కింది మూడు మెట్లూ అసలు భాగస్వామ్యమే కాదంటాడు: మనకి కావాల్సింది వాళ్లచేత చేయించడం, వాళ్లని అలంకారానికి నిలబెట్టడం, పేరుకి ఒకరిద్దరిని కమిటీలో కూర్చోబెట్టడం. ఆ నిచ్చెన మొదటిసారి చూసినప్పుడు నా నాటిక ఏ మెట్టు మీద ఉందో తెలిసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంకో సంగతి, అన్నిటికన్నా పైమెట్టు పిల్లలే అంతా చేసుకోవడం అనుకుంటారు చాలామంది, అది ఏడో మెట్టే. ఎనిమిదోది, వాళ్లు మొదలుపెట్టి పెద్దవాళ్లని కూడా నిర్ణయంలో కలుపుకోవడం. అంటే వాళ్లకి వదిలేసి నువ్వు ఫోన్ చూసుకుంటూ కూర్చోమని కాదు. వాళ్లు పిలిచినప్పుడు అందేంత దూరంలో ఉండాలి, పిలవకముందే దూరిపోకూడదు.

'మొక్కై వంగనిది మానై వంగునా' అని నీకు రోజుకి నలుగురు చెప్తారు. నాకు ఆ సామెత అంటే మొదట్నుంచీ చిరాకే. వంచడానికి వాళ్లేమైనా వెదురు బద్దలా? తన మీద ప్రభావం చూపే విషయాల్లో తన మాట చెప్పుకునే హక్కు పిల్లలకి ఉందని 1989 ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణే ఉంది. అది కాగితం మీద ఉంటే సరిపోదు, నీ గదిలో చాపలు ఎటు వేయాలి అన్న దగ్గర్నుంచే మొదలవ్వాలి.

అలాగని వాళ్లు చిన్న సైజు పెద్దవాళ్లు కూడా కాదు. ముందు వెనకలు ఆలోచించి తమాయించుకునే మెదడు భాగం ఇరవైల నడిమి దాకా తయారవుతూనే ఉంటుంది. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు కారు నడిపే కంప్యూటర్ ఆట ఒకటి ఆడించి చూశారు. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు ఒంటరిగా ఆడినప్పటికన్నా స్నేహితులు పక్కన ఉన్నప్పుడు చాలా ఎక్కువ తెగింపు చూపించారు, 24 దాటినవాళ్లలో మాత్రం ఎవరున్నా లేకున్నా పెద్ద తేడా రాలేదు. అందుకే విడిగా కూర్చోబెడితే బంగారంలా మాట్లాడేవాడు గుంపులో గోడ దూకేస్తాడు. నువ్వు వాడికి నీతులు చెప్పి లాభం లేదు, గుంపు ఏది చూసి 'అబ్బా' అంటుందో అది మారాలి. గోడ దూకినందుకు కాకుండా దెబ్బ తగిలినవాడికి కట్టు కట్టినందుకు, కొత్తగా వచ్చినవాణ్ని ఆటలోకి లాగినందుకు అబ్బా అనే గుంపు ఉంటే, అదే తెగింపు అటు తిరుగుతుంది. అది ఒక్కరోజులో అయ్యేది కాదు. రెండేళ్లు పట్టొచ్చు.

మరి ఇరవై మందిలో నేనొక్కడిని ఎంతమందిని పట్టించుకోను అంటావు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్, ఆమె తోటి పరిశోధకులు దశాబ్దాలపాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు లాంటివి నాలుగైదు కలిసి మీదపడ్డ పిల్లల్లో కూడా మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లలో పదేపదే కనిపించిన విషయాల్లో ఒకటి, వాళ్లని పట్టించుకునే మనిషి ఒకరైనా ఉండటం, అది తాత కావచ్చు, టీచర్ కావచ్చు, పక్కింటావిడ కావచ్చు, యూత్ క్లబ్ నడిపేవాళ్లు కావచ్చు. కాబట్టి అందరికీ నువ్వే ఆ మనిషి కానక్కర్లేదు. ప్రతి పిల్లకీ ఎవరో ఒకరు ఉన్నారా లేదా అని చూసుకో. ఎవరికి ఎవరూ లేరో ఆ ఇద్దరు ముగ్గురి దగ్గర నీ టైం పెట్టు.

టైం పెట్టడం అంటే ఎదురుగా కూర్చోబెట్టి 'చెప్పు నాన్నా, నీ సమస్యేంటి' అనడం కాదు, అలా అడిగితే 'ఏం లేదు' అనే వస్తుంది. చేతులకి పని ఉన్నప్పుడే నోరు తెరుచుకుంటుంది. ఒక కుర్రాడు ఆర్నెల్లు నాతో పొడిపొడిగా తప్ప మాట్లాడలేదు. గాలి పోయిన బంతి ఒకటి ఉండేది, రోజూ దానికి పంపు కొట్టే పని మా ఇద్దరిదీ, వాడు కొడుతుంటే నేను సూది జారకుండా పట్టుకునేవాణ్ని. ఒకరోజు పంపు ఆపకుండానే, బంతి వైపే చూస్తూ, 'మా నాన్న వెళ్లిపోయాడు సార్' అన్నాడు. నేను సూది వదల్లేదు. 'ఎప్పుడు' అని మాత్రం అడిగాను. మిగతాదంతా వాడే చెప్పాడు. ఆ బంతికి గాలి నిలవదని అందరికీ తెలుసు, కొత్తది కొందామని కమిటీ వాళ్లు అంటే నేనే ఏదో సాకు చెప్పి వాయిదా వేసేవాణ్ని.

ఏదైనా పని అయ్యాక పది నిమిషాలు కూర్చోబెట్టడం మాత్రం మానకు. ఏం జరిగింది, ఎందుకలా జరిగింది, మళ్లీ చేస్తే ఏం మారుస్తారు, ఈ మూడే అడుగు. జవాబు నువ్వు చెప్పకు. మొదట్లో మౌనం ఉంటుంది, భరించు.

పిల్లల భద్రత విషయంలో మాత్రం నేను ఖచ్చితంగా ఉంటాను, దీంట్లో బేరాల్లేవు. తలుపు మూసిన గదిలో ఒక్క పిల్లతోనో పిల్లాడితోనో ఒంటరిగా ఉండకు. మాట్లాడాలంటే అందరికీ కనిపించే మూలలో కూర్చో, మాట వినిపించకపోతే చాలు. రాత్రిపూట విడిగా మెసేజ్‌లు వద్దు, ఏ కబురైనా ఇంకో కార్యకర్త కూడా ఉన్న గ్రూపులోనే. అప్పు ఇవ్వకు, తీసుకోకు. 'ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యండి' అంటే ఒట్టు వెయ్యకు. 'నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉందనిపిస్తే చెప్పాల్సిన వాళ్లకి చెప్తాను, చెప్పేముందు నీకు చెప్తాను' అని మొదటిరోజే అందరికీ చెప్పెయ్. కొంతమంది వెనక్కి తగ్గుతారు, ఫర్వాలేదు, నమ్మించి మాట తప్పడం కన్నా నయం.

చచ్చిపోవాలనిపిస్తోంది అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు నీ చెవిన పడుతుంది. నవ్వుతూ అన్నా కొట్టిపారేయకు. అలాంటి ఆలోచన ఉందా అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు, అది నిజం కాదు, అడిగితే చాలామందికి బరువు దిగినట్టుంటుంది. ఆ తర్వాత ఒంటరిగా వదలకు, డాక్టరు దగ్గరికో కౌన్సెలర్ దగ్గరికో చేరేదాకా వెంట ఉండు. చికిత్స మన పని కాదు, చేర్చడం మన పని. డాక్టరు, కౌన్సెలర్ నంబర్లు అవసరం పడ్డాక వెతుక్కోకు, మొదటి వారమే రాసి పెట్టుకో.

తల్లిదండ్రుల సంగతి పెద్దగా చెప్పను, నెలకోసారి కలువు, పిల్లల మీద చాడీలు చెప్పకు, చదువు పాడవుతోందంటే వాదించకుండా పరీక్షల రోజుల్లో టైం తగ్గించు. డబ్బిచ్చేవాళ్లు ఎంతమంది వచ్చారు అని లెక్కలు అడుగుతారు, ఇవ్వు, తప్పదు. కానీ నీకోసం విడిగా ఒక నోట్‌బుక్ పెట్టుకో, అందులో అంకెలు వద్దు, ఇవాళ ఎవరు మొదటిసారి మాట్లాడారు, ఎవరు ఎవరికి సాయం చేశారు, ఎవరు మూడు రోజులుగా కనిపించట్లేదు, ఇవి రాసుకో. నా దగ్గర అలాంటివి ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి, నీ వదిన అమ్మేస్తానంటుంది.

ఆ 12 వారాల పట్టిక చింపకు, పాపం కష్టపడి వేశావు. దాన్ని సోమవారం పిల్లల ముందు పెట్టి, ఏది ఉంచాలో ఏది కొట్టేయాలో వాళ్లనే అడుగు, పెన్ను వాళ్ల చేతికే ఇవ్వు. మిగిలినదాని ఫోటో తీసి నాకు పంపు. ఆరోజు కుర్చీలు ఎవరు సర్దారో కూడా రాయి.

నీ అన్న